ఇంటి సాలు, సంత సాలు



తొలకరి పడింది. మన ఊళ్లో దాదాపు ప్రతి పెరట్లో ఏదో ఒక పాదు తీశారు. ఎవరిని పలకరించినా బెండ గింజలు మొలిచాయా, బీరతీగ పందిరెక్కిందా అన్న మాటే. ఆ వెంటనే రెండో మాట, పురుగు పట్టిందని. అందుకే ఈ వారం కూరగాయల గురించీ, వాటిని తినే పురుగుల గురించీ ధ్యానిద్దాం. ఇది వాక్యానికి సంబంధించిన సంగతేనా అని ఎవరికైనా అనిపిస్తే బైబిలు తెరిచి చూడండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఐగుప్తులో తిన్న దోసకాయలనూ ఉల్లిపాయలనూ తలచుకుని ఏడ్చారు. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అడిగింది కూరతోట వేసుకోవడానికే. యోనాకు నీడనిచ్చిన మొక్కను మన తెలుగు బైబిలు సొరచెట్టు అంటుంది. దాన్ని తెల్లవారేసరికి తొలిచింది ఒక పురుగు. పెరడూ పురుగూ రెండూ వాక్యంలో ఉన్నవే.

అయితే ఈ రోజు మనం ధ్యానించే భాగం వీటిలో ఏదీ కాదు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం చివరిలో తూనికె రాళ్ల గురించి ఒక ఆజ్ఞ ఉంది. నీ సంచిలో ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ రెండు రకాల రాళ్లు ఉండకూడదని దేవుడు చెప్పాడు. ఇంట్లో రెండు రకాల తూములు కూడా ఉండకూడదన్నాడు. తప్పుడు రాయితో తూచవద్దు అని ఊరుకోలేదు, అసలు దగ్గర ఉంచుకోవద్దన్నాడు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి తీసే చెయ్యి దేవునికి అసహ్యమని ఆ మాటల భావం.

దీనికీ వంకాయలకూ ఏమిటి సంబంధం?

పాస్టరు ఇంటికి కూరగాయలు తెచ్చి ఇచ్చే అలవాటు మన సంఘాల్లో ఉన్నదే. గంపలో నాలుగు వంకాయలో, గుప్పెడు చిక్కుళ్లో తెచ్చి వసారాలో పెట్టి వెళతారు. పెట్టేటప్పుడు తల్లులు అనే మాట ఒకటుంది. "ఇవి ఇంటి సాలువి అయ్యగారూ, మందు కొట్టలేదు. పిల్లలకు ధైర్యంగా పెట్టండి" అంటారు. "మరి మిగతా సాళ్లవి అమ్మా?" అని అడిగితే, "అవి సంతకు పోయేవి కదండీ" అంటారు.

ఈ మాట ఒక్క ఇంట్లో వినేది కాదు. తోట చివర, బావి దగ్గరో పంపు దగ్గరో, ఇంటి వాడకానికి ఒక సాలు విడిగా వేస్తారు. మందు కొట్టే రోజున ఆ సాలు దగ్గరకు వచ్చేసరికి తైవాన్ పంపు ఆపేస్తారు. మిగతా తోటకు వారానికోసారి, పురుగు ఎక్కువైతే మూడు నాలుగు రోజులకోసారి కొడతారు. సాయంత్రం కొట్టి మర్నాడు పొద్దున కోసి సంతకు పంపిన రోజులూ ఉంటాయి. ఇదంతా ఎవరూ దాచిపెట్టి చేయడం లేదు. పాస్టరుకే చెబుతున్నారంటే అందులో పాపం ఉందన్న తలంపే లేదన్నమాట. తన బిడ్డల పళ్లెంలో విషం పడకూడదనుకున్న తల్లిని ఎవరు తప్పుపడతారు? ఆ తల్లి ప్రేమ సరైనదే. ఆ ప్రేమ ఒక సాలు దగ్గరే ఎందుకు ఆగిపోయిందన్నదే మనం దేవుని ముందు కూర్చుని ఆలోచించవలసిన సంగతి.

సంతకు పోయే కాయను కూడా ఒక తల్లే కొంటుంది. ఆమె ఇంట్లోనూ పిల్లలు ఉంటారు. ఆ కాయ ఏ సాలుదో ఆమెకు చెప్పేవారు ఎవరూ ఉండరు. మన బిడ్డకు ఒక సాలు, ఆమె బిడ్డకు ఒక సాలు అయినప్పుడు, మన సంచిలో రెండు రాళ్లు ఉన్నట్టే కదా.

అమ్మే రైతు పక్షాన కూడా మాట్లాడుకోవాలి. తోటలో దిగని వాళ్లు రైతుకు నీతులు చెప్పడం సులువు. వంకాయనే తీసుకుందాం. వంగకు పెద్ద శత్రువు మొవ్వు, కాయ తొలిచే పురుగు. తెల్లటి చిన్న రెక్కల పురుగు ఆకుల మీద, లేత కొమ్మల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు కాసేపటికే లేత కొమ్మలోకో కాయలోకో తొలుచుకుని పోతుంది. లోపలికి పోయాక పైన ఎంత మందు కొట్టినా దానికి సరిగా తగలదు. తగలడం లేదని రైతు ఇంకాస్త గట్టి మందు తెస్తాడు, మోతాదు పెంచుతాడు, రోజులు తగ్గిస్తాడు. కొన్నాళ్లకు ఆ పురుగు మందుకు అలవాటు పడుతుంది. దాన్ని తినే మంచి పురుగులు మాత్రం చచ్చిపోతాయి. ఈ పురుగు పేరు మీదే మన దేశంలో పెద్ద చర్చ జరిగింది. బీటీ వంగ విత్తనాన్ని అనుమతించాలా వద్దా అని అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా 7 నగరాల్లో జనాన్ని కూర్చోబెట్టి విని, 2010 ఫిబ్రవరిలో దాన్ని నిలిపివేశారు. దేశమంతా తల పట్టుకున్న పురుగుతో మన రైతు ఒంటరిగా, అప్పు చేసిన పెట్టుబడితో పోరాడుతున్నాడు.

ఇక సంతలో జరిగేది చూడండి. ఒక్క కాయకు సూది బెజ్జమంత రంధ్రం కనిపిస్తే వ్యాపారి గంప మొత్తానికి ధర తగ్గిస్తాడు. ఆ వ్యాపారిని అడిగితే, కొనేవాళ్లు తీసుకోరండీ అంటాడు. కొనేవాళ్లు ఎవరు? మనమే. నిగనిగలాడే కాయను ఏరి సంచిలో వేసుకుంటాం, పుచ్చు ఉన్నదాన్ని పక్కకు తోసేస్తాం. ఆ తర్వాత ఇంటికి వచ్చి, ఈ రోజుల్లో అన్నీ మందులేనండీ అని నిట్టూరుస్తాం. మచ్చ లేని కాయా కావాలి, మందు లేని కాయా కావాలి, ధర కూడా పెరగకూడదు. అంటే కొనే చేతిలో కూడా రెండు రాళ్లు ఉన్నాయి. కాబట్టి ఈ వాక్యం తోట ఉన్నవాళ్లకు మాత్రమే చెప్పబడినది కాదు.

ఇప్పుడు పెరట్లోకి వెళదాం. మందిరం వెనక మాకు రెండు సెంట్ల జాగా ఉంది. అందులో మేము వంగ, బెండ, టమాటా, చిక్కుడు, బీర, సొర వేస్తాం. మందు డబ్బా కొనకుండానే వేస్తాం. పురుగు రాక మానదు. యోవేలు ప్రవక్త గొంగళిపురుగు, మిడుత, పసరుపురుగు, చీడపురుగు అని వరుసగా చెప్పినట్టు ఒకటి వదిలిన దాన్ని ఇంకొకటి తింటుంది. అయినా కూరకు సరిపోను కాయలు చేతికి వస్తున్నాయి. ఈ ఊళ్లో ఎంతోమంది అమ్మలు మాకంటే బాగా పండిస్తున్నారు. వాళ్ల దగ్గరా, వ్యవసాయ శాఖ వాళ్ల శిక్షణల్లోనూ నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ రాస్తున్నాం. మొదటిసారి పాదు తీసిన వాళ్లకు పనికొస్తాయి.

అన్నిటికంటే ముందు, పొద్దున్నే చెట్టు దగ్గరకు వెళ్లి చూడాలి. ప్రార్థన అయ్యాక ఒక చెంబులో సబ్బునీళ్లు పట్టుకుని పెరటంతా తిరగండి. ఆకు తిప్పి అడుగున చూడండి. చాలా పురుగులు గుడ్లు పెట్టేది ఆకు అడుగునే. గుడ్ల గుంపు ఉన్న ఆకును తుంచి చెంబులో వేస్తే వంద పురుగులు పుట్టకముందే పోయినట్టు. పావుగంట పని. వారం రోజులు చూడకుండా వదిలేసిన వాళ్లకే ఎనిమిదో రోజున డబ్బా అవసరం పడుతుంది.

వంగలో కొమ్మ చివర వాడి తల వేలాడేస్తే నీళ్లు చాలలేదని అనుకోవద్దు. పురుగు లోపల ఉంది. రంధ్రానికి కాస్త కిందగా కొమ్మను తుంచి కాల్చేయండి. పక్క నుంచి కొత్త కొమ్మ వస్తుంది. పుచ్చు కాయలను చెట్టు కింద పారేయకూడదు, పురుగుతో సహా తీసేయాలి. నాలుగైదు చెట్లున్న పెరట్లో ఈ ఒక్క పని క్రమంగా చేస్తే సగం బాధ తీరుతుంది. తోట పెద్దదైతే మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు దొరుకుతాయి, అవి పెట్టుకోవచ్చు.

సొర, బీర, గుమ్మడి మొలకెత్తి రెండాకులు వేసినప్పుడే ఎర్రటి పెంకు పురుగులు వాలి ఆకును జల్లెడ చేస్తాయి. పొద్దున చల్లవేళ అవి మందంగా ఉంటాయి, చేత్తో ఏరేయవచ్చు. మన అమ్మమ్మలు పొయ్యి బూడిదను ఆకుల మీద చల్లేవాళ్లు, అది ఇప్పటికీ మంచి ఉపాయమే. పిందె దశలో పండు ఈగ వస్తుంది. పిందెను పొడిచి లోపల గుడ్లు పెడితే, కాయ వంకర తిరిగి కుళ్లిపోతుంది. పిందెకు కాగితం సంచో పాత గుడ్డో కట్టండి. కుళ్లిన కాయలను లోతుగా గుంట తీసి పూడ్చండి. పురుగు నేలలో దిగి ఈగగా మారుతుంది కాబట్టి పాదు చుట్టూ మట్టిని అప్పుడప్పుడు గుల్ల చేస్తుంటే ఎండకూ పక్షులకూ దొరికిపోతుంది.

బెండాకు ఈనెలు పసుపు పచ్చగా మారి వల అల్లినట్టు కనిపిస్తే అది పల్లాకు తెగులు. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. తెగులు పట్టిన చెట్టు ఇక బాగుపడదు, పీకేయడమే. మిగతా చెట్లను కాపాడడానికి పసుపు రంగు అట్టకో డబ్బా మూతకో ఆముదం రాసి చెట్ల ఎత్తులో కట్టండి. ఆ రంగుకు తెల్లదోమ, పేనుబంక వచ్చి అంటుకుంటాయి. టమాటా దగ్గర బంతి మొక్కలు వేస్తే కాయ తొలిచే శనగపచ్చ పురుగు బంతిపూల మీదకు పోతుంది. తోటలో అయితే 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి వేయమని చెబుతారు. గట్ల మీద ఆముదం వేస్తే లద్దె పురుగు దాని ఆకుల మీద గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తీసేస్తే సరిపోతుంది.

ఇవన్నీ చేసినా పురుగు ఎక్కువైతే వేపగింజల కషాయం ఉంది. ఎండిన వేపపప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఎండకు వేప సారం త్వరగా పోతుంది, అందుకే సాయంత్రం. ఇది పురుగును అప్పటికప్పుడు పడగొట్టదు. ఆకు రుచి లేకుండా చేసి, పురుగు ఎదుగుదలను ఆపుతుంది. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. పట్టలేని వాళ్లే వేప పనిచేయదని చెబుతారు.

ఓపిక అన్న మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో గోధుమలు, గురుగుల ఉపమానం మనందరికీ తెలుసు. పనివాళ్లు గురుగులను ఇప్పుడే పీకేస్తామంటే, వాటితో పాటు గోధుమలు కూడా పోతాయని యజమాని ఆపాడు. ఆ ఉపమానాన్ని పెరట్లోనే చూడవచ్చు. అక్షింతల పురుగులంటారే, గుండ్రంగా ఎర్రగా నల్లచుక్కలతో ఉంటాయి. చిక్కుడు తీగకు పట్టిన పేనుబంకను తినేది ఆ పురుగే. దాని పిల్లపురుగు నల్లగా, పొడుగ్గా, మొసలిని చిన్నది చేసినట్టుంటుంది. చూడగానే భయమేస్తుంది కానీ, పేనుబంకను తల్లికంటే ఆబగా తింటుంది. ఇంచుమించు అదే రూపంలో ఇంకో పురుగు వంగాకు మీద ఉంటుంది. అది ఆకులోని పచ్చదనమంతా గీకి ఈనెలు మాత్రమే మిగులుస్తుంది. మొదటిదాని వీపు నూనె రాసినట్టు మెరుస్తుంది. రెండోదాని వీపు సన్నని నూగుతో మసకగా ఉంటుంది. దాని పిల్లపురుగు పసుపు పచ్చగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది.

తెలియని కంటికి రెండూ ఒకటే. పంపులోని మందుకు ఎటూ కన్ను లేదు. అది రెంటినీ చంపుతుంది. చంపాక నాలుగు రోజుల్లో పేనుబంక మళ్లీ వస్తుంది, దాన్ని తినే పురుగు మాత్రం అంత త్వరగా రాదు. అప్పుడు రెండో డబ్బా కొనాలి. మనుషుల విషయంలో కూడా మనం ఇంతే చేస్తుంటాం. సంఘంలో ఒకరి మాట తీరు నచ్చకపోతే, రూపం చూసి తీర్పు తీర్చేసి దూరం పెడతాం. చీడను తినడానికి దేవుడు పంపినవాడిని చీడ అనుకుని తోసేస్తాం. ముందు దగ్గరకు వెళ్లి చూడాలి, ఏం తింటున్నాడో గమనించాలి. అంతవరకు చెయ్యి ఆపుకోవాలి.

ఇక చెప్పడానికి బరువైన మాట ఒకటి ఉంది. డబ్బా ఇంట్లోకి వచ్చాక అది పురుగు కోసమే ఉండిపోదు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో, ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. ఆ మందును కూరగాయల మీద వాడకూడదని మన ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పొలం కోసం తెచ్చినది వంటింటికి ఎంత దగ్గరగా ఉందో ఆ పిల్లల తల్లులకు తెలిసింది.

మన పల్లెల్లో డబ్బా చేసే ఇంకో నష్టం కూడా మీకు తెలుసు. భార్యాభర్తల మాటా మాటా పెరిగిన రాత్రి, అప్పులవాడు గుమ్మంలో నిలబడి తిట్టిపోయిన సాయంత్రం, పరీక్ష తప్పిన రోజు, చేతికందేంత దగ్గరలో అది ఉండడం వల్ల ఎన్ని ఇళ్ల దీపాలు ఆరిపోయాయో సమాధుల తోటలో నిలబడి ప్రార్థన చేసే మాకు తెలుసు. ఆ చనిపోయినవాళ్లలో చాలామంది మర్నాడు పొద్దున కూలికి వెళదామనుకున్నవాళ్లే. ఆ ఘడియ దాటి ఉంటే బతికేవాళ్లు. శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్‌ను, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించింది. ఆ తర్వాత పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. పంటలేమీ పడిపోలేదు. డబ్బా చేతికి అందకపోవడం వల్ల ఎంతో మంది బతికి ఉన్నారన్నమాట. కాబట్టి ఇంట్లో ఇప్పటికే మందు ఉన్నవాళ్లు దాన్ని పడకగదిలో, అటక మీద, వంటింట్లో ఉంచకండి. ఇంటికి దూరంగా, తాళం వేసిన పెట్టెలో పెట్టండి. ఖాళీ డబ్బాను నీళ్లకూ నూనెకూ వాడకండి. మనసు కుంగిపోయిన రాత్రి ఏ వేళైనా పాస్టరు ఇంటి తలుపు తట్టండి. మాతో చెప్పుకోవడానికి మొహమాటమైతే ప్రభుత్వంవారి టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. అర్ధరాత్రి అయినా తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, డబ్బు పడదు.

సరే, పెరట్లో నాలుగు చెట్లు ఇలా పెంచవచ్చు, ఎకరం తోట ఇలా సాగుతుందా అని తోట ఉన్న సహోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కడే మానేస్తే కష్టం, పక్క తోటలోని పురుగంతా వీడి తోట మీదకే వస్తుంది. అందుకే ఊరు కలిసి చేయాలి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. అక్కడ పత్తికి మందులు కొట్టి కొట్టి, అప్పులపాలై, జనం ఆసుపత్రుల పాలైన రోజులున్నాయి. అక్కడి రైతులు, ముఖ్యంగా మహిళా సంఘాలవాళ్లు పట్టుబట్టి, ఇరవై ఏళ్ల కిందటే ఊరంతా పురుగుమందు మానేశారు. వేప, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయాలు, ఎర పంటలు, పక్షులు వాలడానికి కర్రలు, ఇలాంటివే వాళ్ల ఆయుధాలు. అందరూ చెయ్యి కలపడంతో పెట్టుబడి తగ్గింది, అప్పు తగ్గింది. ఆ తర్వాత ఇదే పద్ధతి ఎన్నో జిల్లాలకు వెళ్లింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం పేరుతో నేర్పుతున్నది కూడా ఈ దారిలోదే.

మన సంఘంలో కూడా అంత పెద్ద మాట ఒక్కసారే ఎవరినీ అడగడం లేదు. ఒక్క సాలుతో మొదలుపెడదాం. ఈ పంటకు సంత కోసం వేసిన సాళ్లలో ఇంటి సాలు పక్కన ఉన్న ఒక్కదాన్ని, ఇంటి సాలులాగే పెంచండి. మీ బిడ్డ తినేలాగే పెంచి, పై బిడ్డకు పంపండి. వచ్చే పంటకు రెండు చేయండి. అది కూడా ఇప్పుడే చేయలేనివాళ్లు కనీసం ఇంత చేయండి. డబ్బా మీద రంగు త్రిభుజం ఉంటుంది, ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు గుర్తులున్నవి కూరల దగ్గరకు తీసుకురాకండి. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బాతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ రోజులు ఆగి కోయండి. కొన్నవాళ్లు ఉప్పునీళ్లలో కడుక్కుంటారులే అనుకోవద్దు. కడిగితే పైపైన ఉన్నది కొంత పోతుంది, కాయలోకి ఇంకినది పోదు.

కొనేవాళ్లకు కూడా ఒక పని ఉంది. సంఘంలో ఎవరి సాలు మందు లేకుండా పండిందో తెలుసుకుని, ఆ కాయలను వాళ్ల దగ్గరే కొనండి. రెండు పుచ్చులున్నా కొనండి. పుచ్చు ముక్క కోసి పారేసి మిగతాది వండుకోవచ్చు. గీసి గీసి బేరమాడకండి. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం గేటు దగ్గర చాప పరచుకుని అమ్ముకోవడానికి చోటిస్తాం. నమ్మకంతో పండించిన రైతు గంప ఖాళీ అయి ఇంటికి వెళితే, పక్క రైతుకు అదే ఒక ప్రసంగం.

కోత పండుగ కూడా దూరం లేదు. ఆ రోజు మన మందిరం బల్ల ముందు సొరకాయలు, గుమ్మడికాయలు, చిక్కుళ్ల గంపలు, కరివేపాకు కట్టలు నిండిపోతాయి. అరటి గెలలు గుమ్మానికి కడతాం. ప్రార్థన అయ్యాక వేలం పాడి, మొదటి ఫలమని సంతోషంగా ఎక్కువ ధరకు కొనుక్కుంటాం. దేవుని బల్లకు తెచ్చేటప్పుడు మీరెవరూ మందు కొట్టిన సాలులోవి తేరని మాకు తెలుసు. ఇంటి సాలులోవే, అందులోనూ మంచివి ఏరి తెస్తారు. ఆ భక్తి చూసి దేవునికి స్తోత్రం చెబుతున్నాం. అయితే పుదీనాలో కూడా పదో వంతు లెక్కగా ఇచ్చి న్యాయాన్ని, కనికరాన్ని విడిచిపెట్టిన వాళ్లతో ప్రభువు ఏమన్నాడో మనకు తెలుసు. పదో వంతు మానమనలేదు. ఇదీ చేయాలి, అదీ విడిచిపెట్టకూడదు అన్న భావంతో మాట్లాడాడు. అత్యల్పులకు చేసినది తనకు చేసినట్టే అని చెప్పిన ప్రభువు మన బల్ల దగ్గరే కూర్చుని ఉండడు. బుధవారం సంతలో, చిల్లర లెక్కపెట్టుకుంటూ పావుకిలో వంకాయలు అడిగే కూలి తల్లి రూపంలో కూడా మన గంప ముందు నిలబడతాడు. ఆయనకు అప్పుడు ఏ సాలులోవి తూచి ఇస్తామో ఈ పంట కాలమంతా ఆలోచించుకుందాం.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, తొలకరి ఇచ్చినందుకు నీకు స్తోత్రము. మా పెరళ్లలో మొలిచిన ప్రతి గింజను దీవించుము. పొద్దున్నే ఆకు తిప్పి చూసే ఓపికను మాకు దయచేయుము. అప్పులో ఉన్న రైతు సహోదరులకు దారి చూపించుము, ఈ రాత్రి మనసు విరిగి ఉన్నవారికి తోడుగా ఉండుము. మా బిడ్డలకు పెట్టేదే పొరుగువారి బిడ్డలకు అమ్మే మనసును అమ్మేవారికి, కష్టానికి తగిన ధర ఇచ్చే మనసును కొనేవారికి దయచేయుము. మా సంచుల్లో ఒక్క రాయే ఉండునట్లు సహాయము చేయుమని యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్.